పేరు చెప్పని మందు

మా బావ లింగస్వామి మీద నాకున్న కోపం ఇవాళ్టిది కాదు. మా అక్క మైసమ్మను ఆయనకిచ్చి చేసిన నాటి నుంచీ ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. తాగి వాగడు, పెళ్లాం మీద చెయ్యెత్తడు. కానీ మహా మొండి. ఎవరేం చెప్పినా "గది నాకెర్క లేదా?" అంటాడు. శామీర్‌పేట చెరువులో వల వేసుకుని బతికే ఇంట్లో పుట్టాడు కాబట్టి చెరువు సంగతులు తెలిసి ఉండవచ్చు. లోకంలో ఉన్నవన్నీ తెలుసనుకుంటే ఎట్లా?

ఆ ధీమా ఆయనకు వాళ్ల నాయిన గండయ్య నుంచి వచ్చింది. గండయ్య కామెర్లకు పసరు పోసేవాడు. ఆదివారం పొద్దున్నే మేడ్చల్ నుంచి, లాల్‌గడి మలక్‌పేట్ నుంచి, గుండ్లపోచంపల్లి నుంచి కూడా కళ్లు పచ్చబడ్డవాళ్లు వచ్చి వాకిట్లో కూర్చునేవాళ్లు. ఆయన ఎక్కడి నుంచో ఆకు తెచ్చి, తలుపేసుకుని నూరి, మజ్జిగలో కలిపి ఇచ్చేవాడు.

ఆ మందుకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఆకు పేరు బయటికి చెప్పకూడదు. చెప్తే ఆ మందు ఇక పనిచెయ్యదు. ఎవరైనా "ఏం మందు తాతా?" అని అడిగితే "మందెక్కడిది బిడ్డా, ఉత్త గడ్డి" అనాలి. వచ్చినవాళ్లకూ ఆ సంగతి తెలుసు కాబట్టి, గడ్డి అన్నాడంటే గట్టి మందే అని సంతోషపడేవాళ్లు. ఇక రెండో కట్టుబాటు, పసరు తాగినన్నాళ్లూ దవాఖాన మందు ముట్టకూడదు. ఒకే ఒంట్లో రెండు మందులు కొట్లాడుకుంటాయట. గండయ్య పోయాక ఈ పని మా బావ చేతికి వచ్చింది. ఆ ఆకు ఏమిటో ఆయన మా అక్కకు కూడా చెప్పలేదు. పాతికేళ్లు వండిపెట్టిన మనిషికి చెప్పలేదు, చూడండి.

నాది మేడ్చల్‌లో మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, రాగితీగ చుట్టి ఇస్తాను. నాకు పిల్లలు లేరు. అక్క కొడుకు మల్లేష్‌నే నా కొడుకనుకున్నాను. వాడికి ఇరవై ఒక్క ఏళ్లు. నీళ్లలో మునిగి, అడుగున రాళ్లకు చిక్కుకున్న వలను చినగకుండా విడిపించడంలో వాడి తర్వాతే ఎవరైనా. నోరు మాత్రం వాళ్ల నాయినది కాదు, నాది. ఎంతటివాణ్నయినా ఆట పట్టించేవాడు.

రెండువేల మూడు ఎండాకాలంలో వాడికి జ్వరం పట్టుకుంది. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు. పట్నంలో క్యాన్సర్ దవాఖానకు తీసుకుపోతే, ఎముకలోంచి మూలుగ తీసి చూసి రక్త క్యాన్సర్ అన్నారు. డాక్టరమ్మ మా ముగ్గురినీ నిలబెట్టి చెప్పింది.

"ఏడు రోజులు ఆగకుండా నరంలోకి మందెక్కాలి. వాంతులవుతాయి, నీరసపడిపోతాడు, చూడలేకపోతారు. అయినా మధ్యలో ఆపొద్దు. ఆపితే పిల్లవాడు దక్కడు."

అంతకంటే విడమరిచి ఎవరు చెప్తారు?

మందు మొదలైన రెండో రోజుకే మల్లేష్ తల ఎత్తలేకపోయాడు. తాగిన నీళ్లు కూడా బయటికే వచ్చేవి. నేను తుడుస్తుంటే నవ్వబోయి, "మామా, కడుపుల ఉన్న చేపలన్ని కక్కిన. ఇగ చెర్వు నీళ్లే మిగిలినయి" అన్నాడు. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది. బావ మాత్రం మంచం పక్కన నేల మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూస్తుండేవాడు. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో ఉంటే వల అల్లుతూనో, చిరుగులు కుట్టుతూనో ఉండేవాడు. ఇక్కడ కొడుకు కోసం చెయ్యడానికి ఆయనకు ఏ పనీ లేదు. అదే ఆయన్ని తినేసిందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. నర్సు పారేసిన మందు సీసా ఒకటి ఏరుకుని జేబులో వేసుకున్నాడు. చిన్నది, మందపాటి గాజుది, రబ్బరు మూత ఉన్నది. ఎందుకు బావా అంటే, "గాలాలు ఏస్కునేటందుకు మంచిగుంటది" అన్నాడు.

బట్టలు తేవడానికని మూడో రోజు శామీర్‌పేట వచ్చినప్పుడు, బస్టాండు దగ్గర హోటల్లో ఆయనకు రాఘవేందర్ కలిశాడు. అతను తుర్కపల్లి వైపు కొత్తగా లేచిన ఒక మందుల పరిశోధన కంపెనీలో వ్యాను నడుపుతాడు. మల్లేష్ సంగతి విని పాపం మనసు కరిగి, తనకు తెలిసిన ముక్క చెప్పాడు. ఆ కంపెనీకి ఐస్ డబ్బాల్లో స్పాంజిలు వస్తాయి, సముద్రం అడుగున రాళ్లకు పట్టుకుని పెరిగే జీవులు. వాటి రసం తీసి గాజు పళ్లెంలో రక్త క్యాన్సర్ కణాల మీద పోస్తే, తెల్లారేసరికి కణాలన్నీ చచ్చిపోయాయట.

బావ నేరుగా నా షాపుకొచ్చాడు. "బాలరాజు, షాపు బంద్ జెయ్. నడువు" అన్నాడు. ఆయన కళ్లు చూసి షాపుకు తాళం వేశాను. లూనా మీద ఎక్కించుకుని తుర్కపల్లి తీసుకుపోయాను.

గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాక పద్మలత అనే మేడం బయటికి వచ్చింది. యాప్రాల్ నుంచి రోజూ కంపెనీ బస్సులో వచ్చిపోయే మనిషి. ముప్పై ఏళ్లుంటాయేమో. బావ ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఆమె బెదిరి వెనక్కి జరిగింది.

"లేవండన్నా, ఏంది ఇది! రాఘవేందర్ మీకు సగమే చెప్పిండు. గాజు పళ్లెంలో చచ్చుడు వేరు, మనిషి ఒంట్లో వేరు. ఆ పళ్లెంలో యాసిడ్ పోసినా కణాలు చస్తాయి. మేమింకా ఎలుకలకు కూడా ఇయ్యలేదు. ఇది మందు కాదన్నా."

"ఒక్కపారి కండ్లతోని జూపియ్యుండ్రి మేడం. మీ కాల్మొక్త."

ఆమెకు జాలేసింది. లోపలికి పోయి ఒక గాజు జాడీ తెచ్చింది. అందులో నీళ్లలాంటి ద్రవంలో, పచ్చదనం కలిసిన గోధుమ రంగు ముద్ద. ఒళ్లంతా సన్న సన్న చిల్లులు. బావ దాన్ని ఎండకు ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"గిది మా చెర్వుల ఉంటది. తూముకాడ రాళ్లకు."

"చెరువుల్లోనూ ఉంటాయన్నా. కానీ ఆ జాతి వేరు. ఇదీ మందు కాదు, అదీ మందు కాదు. మీ బాబుకు దవాఖానలో ఎక్కిస్తున్నరే, అదే మందు. దాన్ని మాత్రం ఆపకండి."

తిరిగి వచ్చేటప్పుడు లూనా వెనక కూర్చున్న బావ ఏదో కూనిరాగం తీశాడు. మల్లేష్ పడుకున్నప్పటి నుంచి ఆయన గొంతులో అలాంటిది వినలేదు.

"ఇన్నవా బాలరాజు? మందు గాదన్నది."

"ఇన్న. ఇగ మనసులకెంచి తీసెయ్ బావా."

"రెండుపార్లు అన్నది. మా నాయిన ఒక్కపారే అనేటోడు" అన్నాడు.

చిన్నప్పటి నుంచి ఆ వాకిట్లో తిరిగినా, ఆ మాటలో ఏముందో నా బుర్రకు ఎక్కలేదు. గండయ్య కామెర్లకూ, ఈ మేడం జాడీకీ సంబంధం ఎవడు కలుపుతాడు? మా బావ కలిపాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను దవాఖానకు పోతే మంచం మీద ఇంకెవరో ఉన్నారు. నర్సును పట్టుకుని అడిగాను. ఆమె కోపంగా, "మీవోళ్లే సంతకం పెట్టి తీస్కపోయిండ్రు. డాక్టరమ్మ ఎంత మొత్తుకున్నా ఇనలే" అంది. ఏడు రోజుల మందు. సగం ఎక్కిందో లేదో. జూబ్లీ బస్టాండు నుంచి శామీర్‌పేట దాకా బస్సులో నిలబడి వచ్చాను. దారంతా మా బావను నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతూనే ఉన్నాను. పక్కవాళ్లు పిచ్చోడనుకుని ఉంటారు.

ఇంటి ముందు వేపచెట్టు నీడలో మల్లేష్ మంచం మీద పడి ఉన్నాడు. అక్క పక్కన కూర్చుని విసురుతోంది. లోపల తలుపు మూసి ఉంది. రాయి మీద నూరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆ ఏడు వానలు లేక చెరువు బాగా లోపలికి పోయింది. ఎప్పుడూ నీళ్లలో ఉండే తూము రాళ్లు బయటపడ్డాయి. వాటికి పట్టి ఎండిపోయిన ఆ చిల్లుల ముద్దను మా వాళ్లు దురద పాచి అంటారు. దాని మీద వల పడితే చేతులు పొద్దంతా దురద. పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వరు. చేత్తో ముట్టుకోవడానికే భయపడేదాన్ని ఈ మనిషి కొడుక్కి తాగించడానికి నూరుతున్నాడు.

నేను తలుపు బాదితే తీశాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు తేలి ఉన్నాయి. ముఖం మాత్రం ప్రశాంతంగా ఉంది.

"బావా, ఆమె మందు గాదని నీ మొఖం మీదనే జెప్పలేదా?"

"జెప్పింది. తెలిసినోళ్లు గట్లనే జెప్తరు. మందు అంటె మందు ఇరుగదా? జూపియ్యుమంటె జూపిచ్చింది, మన చెర్వుల ఉంటదని నేనంటె అవునన్నది. ఇగ ఇంతకంటె ఎట్ల జెప్పాలె ఆమె?"

"దవాఖాన మందు ఎందుకు ఆపిచ్చినవ్?"

"రెండు కొట్లాడ్తయి. గది నాకెర్క లేదా?"

నేను ఆయన అంగీ పట్టుకున్నాను. పాతికేళ్ల కోపమంతా చేతుల్లోకి వచ్చింది. "పోరని పానం దీస్తవా!" అని గోడకు నెట్టాను. ఆయన నన్ను కొట్టలేదు. చేతిలో గిన్నె ఒలికిపోకుండా పైకెత్తి పట్టుకున్నాడు, అంతే.

అప్పుడు మల్లేష్ పిలిచాడు. "మామా, ఇడువు నాయినను."

నేను వాడి దగ్గరికి పోయాను. వాడి పెదవులు పగిలి ఉన్నాయి.

"నాకు గా సూది తోని శాతనైతలేదు మామా. నాయిన ఇన్నొద్దులు నా మంచం పక్కన కూసొని ఏడ్సిండు, నేను నిద్రవోయిననుకొని. ఇయ్యాల జూడు, ఎట్లున్నడో. తాగుత తియ్యి. అయితె అయితది, కాకుంటె కాదు."

వాడు తండ్రి కోసం తాగాడు. గిన్నెడు మజ్జిగ, అందులో బూడిద రంగు పొడి. మూడు గుక్కలకే గొంతు పట్టుకున్నాడు. బావ వాడి వీపు నిమురుతూ, "మింగు బిడ్డా, మింగు, మందు గట్లనే ఉంటది" అన్నాడు. ఆ గొంతులో అంత ప్రేమ ఉంటే నేనేం చెయ్యను? ఇవాళ్టికీ నాకు ఆ మాటలు వినిపిస్తాయి. నాకు ఆయన మీద కోపమొస్తుంది, వెంటనే ఏడుపొస్తుంది.

తెల్లారేసరికి మల్లేష్ నోటి నుంచి ఆగకుండా రక్తం వస్తోంది. ఒళ్లు కాలిపోతోంది. అక్క ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా లేచి రోడ్డు మీదికి పరుగెత్తింది. మేడం సంగతి బావ చెప్పగా విన్నది. కంపెనీ బస్సు వచ్చే వేళ ఆమెకు తెలుసు, రోజూ చేపల గంప దించుకుని అక్కడే కూర్చుంటుంది కదా. నేను వెనక పోయేసరికి బస్సుకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, తిడుతున్నాడు. అక్క కదల్లేదు. "పద్మలత మేడం! పద్మలత మేడం!" అని అరుస్తూనే ఉంది.

ఆమె దిగి మాతో ఇంటికి వచ్చింది. మల్లేష్‌ను చూసింది, తర్వాత నూరిన రాయిని చూసింది. ముఖం తెల్లబోయింది. ఫోన్ చేసి రాఘవేందర్‌ను వ్యాను తెమ్మంది.

"దీని నిండా కంటికి కనపడని గాజు సూదుల్లాంటివి ఉంటాయన్నా. గొంతును, పేగులను గీరేస్తాయి. రక్తం గడ్డకట్టని పిల్లవానికి ఇస్తారా? దవాఖానలో ఏం మందు ఎక్కిస్తున్నరు? పేరు తెలుసా?"

మాకెవరికీ పేరు తెలియదు. బావ మెల్లగా అంగీ జేబులోంచి గాలాల సీసా తీసి ఇచ్చాడు. ఆమె దాని మీది అక్షరాలు చదివింది. మళ్లీ చదివింది. అట్లాగే గడప మీద కూర్చుండిపోయింది.

"ఏమైంది మేడం?" అన్నాను.

"ఇది సైటారబిన్. యాభై ఏళ్ల కింద ఎక్కడో దూరపు సముద్రంలో ఒక స్పాంజిలో కొత్త పదార్థాలు దొరికినయి. వాటిని చూసి, అట్లాంటిదే మందు తయారు చేసిండ్రు. అదే ఇది. మేము ఆ స్పాంజిలన్నీ తెప్పించి వెతికేది ఇట్లాంటిది ఇంకొకటి దొరుకుతదేమోనని." ఆమె సీసాను తిరిగి బావ చేతిలో పెట్టింది. "మీరు వెతుక్కుంటూ మా గేటు దగ్గరికి వచ్చిన మందు, మీ బాబు నరంలోకి అప్పటికే ఎక్కుతున్నదన్నా."

గేటు దగ్గర ఆ జాడీని ఎండకెత్తి పట్టుకున్నప్పుడు కూడా ఆ సీసా ఆయన జేబులోనే ఉంది. బావ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మరి నువ్వు మందు గాదంటివి గద మేడం."

"కాదు కాబట్టే కాదన్నాను" అందామె. అని ఏడ్చింది.

వ్యానులో అల్వాల్ దాటేదాకా మల్లేష్‌కు తెలివి ఉంది. వాళ్ల నాయిన ఒళ్లో తల పెట్టుకుని, "నాయినా, నీ చేతులకు సల్ల రాస్కో, దురద తగ్గుతది" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు.

దవాఖానలో డాక్టరమ్మ మమ్మల్ని తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె తిట్టలేదు. రక్తం ఎక్కించారు, జ్వరానికి సూదులు వేశారు. మా బావ ఆమె ఎటు పోతే అటు పోయాడు, ఆ ఖాళీ సీసాను అరచేతిలో పెట్టుకుని.

"అమ్మా, గీ మందు మల్ల మొదలువెట్టుండ్రి. గిదే మందంట. నాకు తెల్వకపాయె. మీరెన్నొద్దులంటె అన్నొద్దులు కట్టేసి అయినా పండవెడ్త. ఒక్కపారి ఎక్కియ్యుండ్రి."

"ఇప్పుడు ఇయ్యలేమయ్యా. దాన్ని తట్టుకునే శక్తి ఒంట్లో లేదు. ముందు జ్వరం దిగాలి."

జ్వరం దిగలేదు. మూడో నాడు పొద్దున మల్లేష్ చనిపోయాడు. బావ పిడికిలి విప్పి ఆ సీసా తీయడానికి నాకు, రాఘవేందర్‌కు ఇద్దరికీ బలం సరిపోలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక నేను మేడ్చల్ పోకుండా అక్క దగ్గరే ఉన్నాను. బావ చెరువుకు పోవడం లేదు, ఎవరితో మాట్లాడడం లేదు. నాకు కూడా ఆయనతో మాట్లాడాలని లేదు, నిజం చెప్పాలంటే. అట్లా ఉండగా ఒక ఆదివారం పొద్దున గుండ్లపోచంపల్లి నుంచి ఐలమ్మ అనే ఆమె పెనిమిటిని ఆటోలో తీసుకుని వచ్చింది. మా ఇంట్లో జరిగింది ఆమెకు తెలియదు. ఆయన కళ్లు, గోళ్లు పసుపు పూసినట్టున్నాయి. కడుపు ఉబ్బి ఉంది. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా వచ్చి వాకిట్లో కూర్చున్నారు.

నేను వెళ్లగొడదామని లేచేలోపే బావ లోపలి నుంచి వచ్చాడు. చేతిలో ఏమీ లేదు.

"మందు లేదు తల్లీ. నా తాన మందు లేదు. దవాఖానకు తీస్కపో."

ఐలమ్మ దండం పెట్టి చిన్నగా నవ్వింది. "అట్లనే అంటరు అయ్యా, నాకెర్కే. మా చిన్నాయినకు మీ నాయినే పోసిండు. ఆయన గూడ గిట్లనే గడ్డి అన్నడు. మీరు పొయ్యుండ్రి, మేం కూసుంటం."

బావ ఆమె ముఖం వైపు అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ ముఖంలో ఉన్న నమ్మకం నాకు తెలుసు, కంపెనీ గేటు దగ్గర జాడీ ఎత్తి పట్టినప్పుడు ఆయన ముఖంలో ఉన్నది అదే. ఇంకో నాలుగుసార్లు మందు లేదన్నా ఆమె అక్కడి నుంచి లేవదు. ఎంత కాదంటే అంత గట్టిగా నమ్ముతుంది.

ఆయన ఇంటి వెనక్కి నడిచాడు. బావి గట్టు పక్కన, నీళ్లు పారిన చోట మొలిచిన చిన్న మొక్కను వేర్లతో సహా పీకి తెచ్చాడు. అది వాకిట్లో అందరం తొక్కుకుంటూ తిరిగే మొక్క. దాన్ని ఐలమ్మ చేతిలో పెట్టాడు.

"గిది నేలుసిరి" అన్నాడు, వాకిట్లో ఉన్న అందరికీ వినపడేట్టు. "మా తాత, మా నాయిన, నేను, ఇన్నేండ్లు పోసింది గీ నేలుసిరి ఆకే. పేరు జెప్పిన. అందరిన్నరు గద? ఇగ నా చేతి మందు పనిజెయ్యది. లేవుండ్రి, దవాఖానకు పోండ్రి."

ఐలమ్మ గుండెలు బాదుకుంది. "ఎంత పని జేస్తివయ్యా! పేరెందుకు జెప్తివి?" అని ఏడ్చింది. ఏడుస్తూనే పెనిమిటిని లేపి ఆటో ఎక్కించింది. నేను వాళ్లతో ఎక్కి, మేడ్చల్ దవాఖానకు పోనిమ్మన్నాను.

ఆటో మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. బావ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. మా అక్క కింద పడ్డ ఆ మొక్కను తీసి చేతిలో పట్టుకుని చూస్తోంది. దాని పేరు ఆమె కూడా ఆ రోజే మొదటిసారి విన్నది.